పరీక్షింపవలసినది పనివానినా, పనిచోటునా?

ఒక మిల్లులో తిరుగుచున్న బెల్టునకు చేయి చిక్కి ఒక కార్మికుడు వేళ్లు పోగొట్టుకొనెననుకొందము. ఆ సాయంకాలము మేనేజరు గదిలో జరుగు విచారణ సామాన్యముగా ఆ మనిషితోనే మొదలగును. వాడు కొత్తవాడా, రాత్రి నిద్రపోయెనా, త్రాగి వచ్చెనా, చూపు సరిగా నున్నదా, వెనుక ఎన్నడైన ఇట్లే దెబ్బ తగిలించుకొన్నాడా అని అడుగుదురు. ఆ బెల్టునకు గార్డు ఏల లేదు, ఉన్న గార్డును ఎవరు ఏ తొందరలో విప్పి మరల బిగింపక విడిచిరి, యంత్రము నడచుచుండగనే తుడువుమని ఆజ్ఞాపించిన దెవరు అను ప్రశ్నలు తరువాత వచ్చును. పెక్కు చోట్ల రానే రావు. పారిశ్రామిక ప్రమాదముల నివారణను గూర్చి లోకమున సాగిన ఆలోచనలో అధికభాగము ఈ రెండు తరగతుల ప్రశ్నలలో దేనికి అగ్రస్థానమీయవలెనను వాదము చుట్టు తిరిగినది. తగిన మనిషిని ఏరుకొని పనిలో పెట్టినచో ప్రమాదములు తగ్గునని ఒక పక్షము. మనుష్యులెట్టివారైనను హాని కలుగని విధముగ పనిని, పనిముట్టును, పనిచోటును తీర్చిదిద్దవలెనని రెండవ పక్షము. ఉద్యోగార్థులకు వైద్య పరీక్షలు, మానసిక పరీక్షలు, మత్తు పరీక్షలు విరివిగా జరుగుచున్న ఈ కాలమున, ఈ పక్షముల వెనుకనున్న ఆధారములెట్టివో, అవి ఎంత దృఢమైనవో సావధానముగా విచారించుట అవసరమని తలచి ఈ సమీక్షకు పూనుకొంటిని.

వృత్తికిని వ్యాధికిని గల సంబంధమును సమగ్రముగా విచారించిన తొలి మహాగ్రంథమును 1700లో ఇటలీ దేశపు మొదేనా పట్టణమున బెర్నార్దినో రామజ్జీని ప్రకటించెను. రోగిని చూడవచ్చిన వైద్యుడు సంప్రదాయముగా అడుగు ప్రశ్నలకు తోడు, అతడు చేయు పని యేమో గూడ అడిగి తీరవలెనని ఆయన బోధించెను. రోగిని పనినుండి తొలగించుటకై గాక, రోగకారణమును పనిలో వెదకుటకై పుట్టిన ప్రశ్న యిది. 1775లో లండను శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టములు తుడుచు వృత్తిలో చిన్ననాట ప్రవేశించినవారికి వచ్చు ఒక కేన్సరునకు మసియే కారణమని గుర్తించినప్పుడును ఆయన దృష్టి మసిమీద నిలిచినదే గాని, ఆ వృత్తికి తగిన దేహము గలవారెవరను విచారణలోనికి పోలేదు.

పనివారిని వైద్యుడు పరీక్షించు ఆచారము చట్టబద్ధమైనది ఇంగ్లాండులో 1833 నాటి ఫ్యాక్టరీ చట్టముతో. తొమ్మిదేండ్లు నిండని పిల్లలను బట్టల మిల్లులలో పెట్టరాదని ఆ చట్టము శాసించెను. పుట్టిన తేదీకి నమ్మదగిన పత్రములు లేని ఆ దినములలో పిల్లవాని ఎత్తును, పుష్టిని, కొందరు వైద్యులు పండ్ల వరుసను చూచి వయస్సు నిర్ణయించి ధ్రువపత్రము వ్రాసెడివారు. 1844లో వచ్చిన చట్టము యంత్రములకు గార్డులు అమర్చవలెననియు, నడచుచున్న యంత్రమును పిల్లలచేత తుడిపింపరాదనియు విధించెను. ఈ రెండు చట్టములను కలిపి చదివినచో, ఆ తొలి వైద్య పరీక్ష యంత్రమునుండి పిల్లవానిని కాపాడుటకు పుట్టినదని స్పష్టమగును. 1898లో ఆ దేశమున ఫ్యాక్టరీల ప్రథమ వైద్య తనిఖీదారుగా నియుక్తుడైన సర్ థామస్ లెగ్ ఈ భావమునే ఇంకను గట్టిగా చెప్పెను. యజమాని తాను చేయదగినదంతయు చేసి ముగించువరకు పనివాడు తన్నుతాను కాపాడుకొనుటకు చేయగలిగినది దాదాపు శూన్యమని ఆయన సిద్ధాంతము. సీసపు తెల్లరంగు వాడుకను నియంత్రించు అంతర్జాతీయ ఒడంబడికను ఆమోదించుటకు తన ప్రభుత్వము నిరాకరించినందున 1926లో ఆయన ఆ పదవిని విడిచిపెట్టెను. నమ్మిన సిద్ధాంతముకొరకు ఉద్యోగమును వదలుకొన్న అధికారులు ఈ రంగమున అరుదు గనుక ఆయన పేరు స్మరణీయము.

మొదటి పక్షమునకు, అనగా మనుష్యులను ఏరుకొనువారి పక్షమునకు, అన్నింటికంటె బలమైన ఉదాహరణము రైల్వేలనుండి వచ్చినది. 1875 నవంబరులో స్వీడను దేశమున లాగర్లుండా వద్ద రెండు రైళ్లు ఢీకొని తొమ్మండుగురు మరణించిరి. ఇంజను డ్రైవరు ఎరుపు ఆకుపచ్చల భేదము గుర్తింపలేకయే ప్రమాదము తెచ్చెనని ఉప్సాలా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు ఫ్రితియోఫ్ హోల్మ్‌గ్రెన్ ప్రచారము చేసి, రంగురంగుల ఉన్ని చిలుపలను కలగలిపి చూపి జతచేయుమను పరీక్షను కల్పించెను. రైల్వే ఉద్యోగులకు వర్ణదృష్టి పరీక్ష దేశదేశములకు వ్యాపించినది దీని తరువాతనే. జపానులో ఇషిహారా 1917లో రూపొందించిన చుక్కల పటములు నేటికిని మన రైల్వే ఆసుపత్రులలో అభ్యర్థుల ముందు తెరవబడుచున్నవి. ఇటీవల, 2012లో, ఇద్దరు పరిశోధకులు ఆ పాత విచారణ పత్రములను తిరుగవేసి, ఆ డ్రైవరు నిజముగ వర్ణాంధుడనుటకు చాలినంత సాక్ష్యము లేదని తేల్చిరి. అయినను పరీక్ష వ్యర్థమైనదని చెప్పరాదు. సిగ్నలు దీపము ఎరుపో ఆకుపచ్చయో తెలిసికొనుటయే డ్రైవరు పనిలో ప్రాణమైన భాగము. పరీక్షించు గుణమును, పనిలో అవసరమగు గుణమును అక్షరాల ఒక్కటే. ఇట్టి సాక్షాత్సంబంధమున్న చోట ఎంపిక పరీక్ష న్యాయము, ఆవశ్యకము. ఎత్తైన కట్టడములపై పనిచేయువానికి మూర్ఛ యున్నదేమో చూచుటయు, క్రేను నడుపువాని దృష్టిని కొలుచుటయు ఈ తరగతిలోనివే. భవన నిర్మాణ కార్మికుల విషయమై 1998లో ఏర్పడిన కేంద్ర నియమములు క్రేను డ్రైవర్లకు నలుబదియేండ్ల వరకు రెండేండ్లకొకమారును, ఆపైన ఏటేటను పరీక్ష జరుపవలెనని చెప్పుట ఈ కారణముననే.

చిక్కు వచ్చినది ఈ న్యాయమును హద్దు దాటించి, ప్రమాదములను కొనితెచ్చుకొను స్వభావమే కొందరికి పుట్టుకతో నుండునని సిద్ధాంతీకరించుటలో. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు ఆయుధ కర్మాగారములలో పనిచేసిన స్త్రీల గాయముల లెక్కలను మేజర్ గ్రీన్‌వుడ్, హిల్డా వుడ్స్ అను ఇరువురు పరిశీలించి 1919లో ఒక నివేదిక ప్రకటించిరి. కొద్దిమందికే పెక్కు గాయములు తగిలినవనియు, కేవల యాదృచ్ఛికత ఈ అసమానతకు చాలదనియు వారికి కనిపించెను. 1926లో ఫార్మరు, చేంబర్సు అను మనస్తత్త్వవేత్తలు దీనికి ప్రమాద ప్రవణత యని పేరు పెట్టిరి. జర్మనీలో కార్ల్ మార్బే అదేకాలమున అదేమాట వ్రాసెను. ఆ ప్రవణత గలవారిని ముందే పసిగట్టి బయట నిలిపినచో ప్రమాదములు మాయమగునను ఆశ యజమానులకు ఎంత ప్రియమైనదో ఊహింపవచ్చును. యంత్రము మార్చనక్కరలేదు, వేగము తగ్గింపనక్కరలేదు, మనిషిని మార్చిన చాలును.

ఈ వాదమున దాగియున్న గణితదోషమును పాఠకులు స్వయముగా చూడగలరు. నూరుగురు కార్మికులున్న ఒక శాలలో ఏడాదికి నూరు గాయములు తగిలినవనుకొని, ఆ నూరుగురును ఆరోగ్యములో, జాగ్రత్తలో, అనుభవములో అచ్చముగ సమానులనియే భావింపుడు. గాయములు కేవల యాదృచ్ఛికముగ పడినచో, సంభావ్యతా గణితము ననుసరించి సుమారు 37 మందికి ఒక్క గాయమును తగులదు. మరి 37 మందికి ఒక్కొక్కటి తగులును. 18 మందికి రెండేసి, ఆరుగురికి మూడేసి, ఇద్దరికి నాలుగుగాని అంతకు మించిగాని తగులును. అనగా, ఏ దోషమును లేని 26 మంది మీద 63 గాయములు పడినవి. వీరి పేర్లు వ్రాసికొని, నాలుగవవంతు మందియే మూడింట రెండు వంతుల ప్రమాదములకు కారకులని ప్రకటించిన మేనేజరు, తెలియకయే, ఇరువది యారుగురు నిర్దోషులకు ముద్రవేసినవాడగును. గ్రీన్‌వుడ్ ఈ గణితము నెరిగినవాడే. అతని లెక్కలలో యాదృచ్ఛికతకు మించిన అసమానత కొంత నిజముగ నుండెను. కాని ఆ మిగిలిన అసమానతలో ఎంత మనిషిదో, ఎంత అతడు నిలిచిన యంత్రమునదో విడదీయుట కష్టము. చేతిపనిముట్టు పట్టినవానికిని, లెక్కలు వ్రాయువానికిని గాయము తగులు అవకాశము సమానము కాదు గదా. ఒక ఏడు ఎక్కువ దెబ్బలు తిన్నవారిని మరుసటి ఏడు వెదకి చూచినచో వారిలో పెక్కురు సామాన్యులలో కలసిపోయినట్లు పలుమారు కనబడినది. ఈ సిద్ధాంతమును శాస్త్రజ్ఞులు క్రమముగా విడిచిరి. మేనేజరుల గదులలో అది నేటికిని జీవించియున్నది.

అదే యుద్ధకాలమున అవే కర్మాగారములలో హెచ్. ఎం. వెర్నన్ చేసిన పరిశీలనమునకు అంతటి ప్రచారము రాకపోవుట శోచనీయము. దినమునకు పండ్రెండు గంటలు పనిచేసినప్పుడు స్త్రీలకు తగిలిన గాయములు, పది గంటలు పనిచేసినప్పటికంటె రెండున్నర రెట్లుండెనని ఆయన చూపెను. అవే చేతులు, అవే కన్నులు. మారినది గడియారము మాత్రమే. 

మనిషిమీద నెపము మోపు భావమునకు అంకెల బలము చేకూర్చినవాడు అమెరికా బీమా ఉద్యోగి హెర్బర్ట్ హైన్రిక్. 1931లో వెలువడిన ఆయన గ్రంథము ప్రకారము నూటికి 88 ప్రమాదములు మనుష్యుల అపాయకరమైన చేష్టలవలనను, 10 అపాయకరమైన పరిస్థితులవలనను, 2 నివారింపశక్యము కాని కారణములచేతను కలుగును. ఈ అంకెలను నేటికిని మన సేఫ్టీ వారోత్సవములలో వక్తలు వల్లించుచుందురు. ఆ అంకెలు పుట్టిన కాగితములెట్టివో చూడవలెను: అవి బీమా దరఖాస్తులు, యజమానుల నివేదికలు. కారణమను గడిలో వ్రాసిన కలము పై అధికారిది. చచ్చినవాడు వచ్చి తన వాదము వ్రాయలేదు. హైన్రిక్ పట్ల న్యాయముగా ఒకమాట చెప్పవలెను: యంత్రములకు గార్డులు అమర్చుటయందు ఆయనకు గట్టి పట్టుదల యుండెను, ఆయన శిష్యులు ఆ పట్టుదలను మరచి అంకెను మాత్రమే పట్టుకొనిరి. ఆయనకు ఇరువదియేండ్లు ముందుగనే, 1910లో, క్రిస్టల్ ఈస్ట్‌మన్ అను న్యాయశాస్త్రవేత్త పిట్స్‌బర్గు ప్రాంతమున ఒక్క ఏడాదిలో పనిలో మరణించిన 526 మంది వృత్తాంతములను సేకరించి, సాధ్యమైనచోట కుటుంబముల ఇండ్లకుపోయి విచారించి, పనివారి అజాగ్రత్తయే సర్వమునకు మూలమను వాదము నిలువదని చూపెను. ఆమె పద్ధతికిని హైన్రిక్ పద్ధతికిని గల భేదము ఇల్లు చేరి అడుగుటకును, ఫైలు తెరచి చదువుటకును గల భేదము.

ఇక రెండవ పక్షపు ఆధారములు. వీనిలో నన్ను మిక్కిలి ఆకర్షించినది యుద్ధవిమానముల కథ. రెండవ ప్రపంచ యుద్ధకాలపు అమెరికా విమాన చోదకులకంటె జాగ్రత్తగా ఏరబడిన పనివారు ఆనాడు లోకమున ఉండియుండరు. దృష్టి, వినికిడి, గుండె, నరములు, బుద్ధి, ధైర్యము అన్నియు పరీక్షించి, వేలకొలది యువకులను త్రోసిపుచ్చి, మిగిలినవారికి నెలల తరబడి శిక్షణ యిచ్చి విమానమెక్కించిరి. అట్టివారు, క్షేమముగా నేలమీద దిగిన పిమ్మట, రెక్కల ఫ్లాపులు ముడుచుటకు బదులు చక్రములను ముడిచి, ఎంతో విలువగల విమానములను కడుపుమీద కూలవేయుచుండిరి. చోదకుని పొరపాటని వ్రాసి ఫైలు మూయుట సులభము. ఆల్ఫాన్స్ చపానిస్ అను యువ మనస్తత్త్వవేత్త చోదకుని స్థానమున కూర్చుండి చూచెను. చక్రములను ముడుచు మీటయు, ఫ్లాపులను ముడుచు మీటయు ప్రక్కప్రక్కనే, ఒకే ఆకారమున నుండెను. సరకుల విమానములలో అట్లు లేనందున ఆ విమానములలో ఈ పొరపాటును లేదు. ఆయన ఒక మీట కొనకు చిన్న రబ్బరు చక్రమును, రెండవదానికి రెక్కవంటి చీలను తగిలించెను. చీకటిలో తడిమినను తెలియునట్టి ఈ చిన్న మార్పుతో ఆ పొరపాటు మాయమాయెను. మీటల ఆకారభేదము ఈనాడు విమానములన్నిట నియమమైనది. ఎంత కఠినమైన ఎంపికయు సవరింపలేని దోషమును కొద్ది రబ్బరు సవరించిన ఈ వృత్తాంతమును ప్రతి ఇంజనీరింగు కళాశాలలోను బోధింపవలెనని నా కోరిక.

అమెరికా రైల్వేలలోని కప్లింగు కథయు ఇట్టిదే. పెట్టెల నడుమ నిలిచి, లింకులో చీలను చేతితో దించు బ్రేక్‌మన్‌కు వేళ్లు పోవుట పందొమ్మిదవ శతాబ్దమున వృత్తిచిహ్నమైపోయెను. వేళ్లు పూర్తిగ నున్నవాడు కొత్తవాడని పోల్చుకొనెడివారట. ఎలై జానీ అనువాడు దానంతట అదే పట్టుకొను కప్లింగునకు 1873లోనే పేటెంటు పొందెను. అది ఉండియు పెక్కు కంపెనీలు ఇరువదియేండ్లు వాడక, 1893లో శాసనము నిర్బంధించిన పిమ్మట అమర్చిరి. ఆ ఇరువదియేండ్లలో పోయిన వేళ్లకు అజాగ్రత్త కారణమని వ్రాసిన కాగితములు ఎన్నియో.

నడుమునొప్పి విషయమున ఈ రెండు పక్షములను సూటిగా ఎదురెదుర నిలిపి పరీక్షించుట జరిగినది. బరువులెత్తు పనులకు అభ్యర్థుల వెన్నెముకను ఎక్స్‌రే తీసి ఏరుకొనుట ఇరువదవ శతాబ్దపు నడిమి దశాబ్దములలో అమెరికాలో వాడుకయై, ఆ చిత్రములు ఎవరికి నడుము దెబ్బతినునో ముందుగ చెప్పలేవని తేలి, వృథాగ కిరణములకు గురిచేయుట తగదని వైద్యులే విడిచిరి. 1978లో స్టోవర్ స్నూక్, అతని సహచరులు వైద్య ఎంపికను, ఎత్తు పద్ధతిలో శిక్షణను, పనిని మనిషికి తగినట్లు మలచుటను మూడింటిని పోల్చి, మొదటి రెండును ఫలితమీయలేదనియు, మూడవదానిచే నడుము గాయములలో మూడవవంతు వరకు తగ్గింపవచ్చుననియు నిర్ణయించిరి. అమెరికా ప్రభుత్వ పరిశోధనసంస్థ, అన్ని పరిస్థితులు అనుకూలముగ నున్నప్పుడు ఎత్తదగిన బరువుకు హద్దు 23 కిలోలని గణించినది. మన సిమెంటు బస్తా 50 కిలోలు. మార్కెట్టు యార్డులలో, రైల్వే గూడ్సు షెడ్లలో హమాలీలు అట్టి బస్తాలను దినమెల్ల వీపున మోయుచుండగా, వారికి వెన్ను వంచక మోకాళ్లు వంచుడని ఉపన్యాసమిచ్చుట ఎంత న్యాయమో ఆలోచింపుడు. బస్తాను చిన్నది చేయుట, లారీ ఎత్తునకు సరిపడు ప్లాట్‌ఫారము కట్టుట, కన్వేయరు బెల్టు పెట్టుట అసాధ్యములు కావు.

ఉద్యోగమునకు ముందు జరుగు వైద్య పరీక్షలను గూర్చి ప్రపంచమునందు జరిగిన ప్రయోగములను కాక్రేన్ సంఘమువారు క్రోడీకరించి 2016లో సరిచూచిరి. సామాన్య పరీక్షలు గాయములను, సెలవులను తగ్గించినట్లు నమ్మదగిన సాక్ష్యము లేదనియు, ఆ ప్రత్యేకమైన పనిని మనసులో నుంచుకొని పరీక్షించి, కనబడిన లోపమునకు తగినట్లు పనిలో మార్పుచేసినచోట కొంత మేలు కనబడెననియు వారి సారాంశము. సాక్ష్యము బలమైనది కాదని వారే హెచ్చరించిరి. 

ఎంపిక పరీక్ష ఎంత దూరము దారితప్పగలదో చెప్పుటకు ఒక్క ఉదాహరణము చాలును. 1978లో అమెరికా పశ్చిమ వర్జీనియాలో విల్లో ఐలండు అనుచోట రంగుల కర్మాగారమున, సీసము గర్భస్థ శిశువునకు హాని చేయునని, సంతానోత్పత్తి శక్తి గల స్త్రీలను ఆ విభాగమున ఉంచరాదని యాజమాన్యము ప్రకటింపగా, జీతము పోగొట్టుకొనలేని అయిదుగురు స్త్రీలు శస్త్రచికిత్స చేయించుకొని సంతానశక్తిని వదలుకొనిరి. సీసము పురుషునికిని విషమే. గాలిలోనుండి సీసమును తొలగించుట అందరికిని రక్ష. అట్టి నియమమునే పెట్టుకొన్న ఒక బ్యాటరీ కంపెనీ వ్యాజ్యములో, స్త్రీలను ఇట్లు వెలివేయుట చట్టవిరుద్ధమని ఆ దేశపు సుప్రీంకోర్టు 1991లో తీర్పు చెప్పెను.

పనిలో చేరిన తరువాత నియతకాలికముగ జరుగు పరీక్ష మాత్రము వేరు జాతికి చెందినది. దుమ్ములో పనిచేయువాని ఊపిరితిత్తుల ఎక్స్‌రే, సీసములో పనిచేయువాని రక్తపరీక్ష, మోతలో పనిచేయువాని వినికిడి పరీక్ష ఒక్కొక్క మనిషిని గూర్చి చెప్పునదానికంటె ఆ పనిచోటును గూర్చి చెప్పునది అధికము. ఒక విభాగములో పదిమంది రక్తమున సీసము పెరిగినదన్నచో, ఆ పదిమందిని మార్చి మరి పదిమందిని పెట్టుట పరిష్కారము కాదు. గాలి లాగు యంత్రము పాడైనదని గ్రహించుట పరిష్కారము. రాతిదుమ్ముచే ఊపిరితిత్తులకు వచ్చు సిలికోసిస్ మన దేశమున మొదట నమోదైనది, తెలుగువారు వేలుగ పనిచేసిన కోలారు బంగారు గనులలో. గనుల విషయమై 1955 నాటి నియమములు చేరునప్పటి పరీక్షను, ఆపైన అయిదేండ్లకు మించని వ్యవధిలో తిరుగు పరీక్షను విధించినవి. సింగరేణి కార్మికుల నోట ఇవి ఐ.ఎం.ఇ., పి.ఎం.ఇ. అను పొట్టి పేర్లతో పలుకుచుండును. అచ్చట మెడికల్ అన్‌ఫిట్ అనుమాటకు ఒక కుటుంబము యొక్క భవిష్యత్తంత బరువు గలదు. జబ్బుచేసి పనికి తగడని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుని కుమారునికి ఉద్యోగమిచ్చు ఏర్పాటు ఉండుటచే, ఊపిరితిత్తుల పరీక్ష ఆరోగ్యముకంటె బ్రతుకుతెరువును నిర్ణయించు పరీక్షయైనది. బొగ్గుబావిలో అరిగిన తండ్రికి ఆ కోరిక కలుగుటను నేను తప్పుపట్టను. కాని పరీక్షా ఫలితమునకు ఉద్యోగమో, ఉద్యోగభంగమో ముడిపెట్టినప్పుడు ఆ ఫలితము గాలిలోని దుమ్మును గూర్చి నిజము చెప్పుట మానును. ఇతర పరిశ్రమలలో ఇదే దోషము తలక్రిందుగ కనబడును: దగ్గు ఉన్నదన్న పని పోవునను భయమున కార్మికుడు దగ్గును దాచును.

మన తెలుగునాట జరిగిన ఘోర ప్రమాదములను ఈ వెలుగులో చూడవలెను. 1997 సెప్టెంబరులో విశాఖ నూనెశుద్ధి కర్మాగారమున గ్యాసు కారి మంటలు లేచి సుమారు అరువదిమంది మరణించిరి. 2003 జూనులో గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి ప్రక్కనున్న పాత పనులలో నిలిచిన నీరు విరుచుకొనిపడి 17 మంది మునిగిపోయిరి. 2012 జూనులో విశాఖ ఉక్కు కర్మాగారపు ఆక్సిజన్ విభాగమున ప్రేలుడు పందొమ్మిదిమందిని బలిగొనెను. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున, లాక్‌డౌన్‌లో మూతబడి తిరిగి తెరువబోవుచున్న విశాఖ ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు ట్యాంకులో స్టైరీను తనంతట తాను వేడెక్కి ఆవిరియై, నిద్రించుచున్న పల్లెలపై పరచుకొని పండ్రెండుమంది ప్రాణములు తీసెను. చాలినంత నిరోధక రసాయనమును, శీతలీకరణమును ఉండియుండినచో అది జరుగకపోయెడిది. 2024 ఆగస్టులో అచ్యుతాపురపు కర్మాగార ప్రమాదమున పదునేడుగురు, 2025 జూను 30న పాశమైలారపు కర్మాగార ప్రమాదమున నలుబదిమందికి పైగా మరణించిరి. ఈ వరుసలో ఏ మృతుని రక్తమును, కన్నులను, మనస్సును ముందుగ పరీక్షించియున్నచో ప్రమాదము తప్పెడిదని చెప్పగలము? గోదావరిఖని గనిలో పరీక్షింపవలసినది పాత పనుల పటములను, అడ్డుగోడ మందమును. ఎల్.జి. పాలిమర్స్‌లో పరీక్షింపవలసినది ట్యాంకు ఉష్ణోగ్రతను.

మూతబడిన తొట్లు, మ్యాన్‌హోళ్లు, పాడుబావుల మరణములు వార్తాపత్రికలలో ఇంతగా కనబడవు గాని, వాని తీరు ఎప్పుడును ఒక్కటే. ఒకడు దిగి లేవడు. వానిని తీయబోయి రెండవవాడు దిగును, తరువాత మూడవవాడు. గాలిలో ప్రాణవాయువు మామూలుగ నూటికి 21 పాళ్లు, 19.5కు తగ్గినచోటికి పరికరము లేక దిగరాదు. కుళ్లిన మురుగులో పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు మొదట కంపుకొట్టి, మోతాదు పెరిగిన కొలది ముక్కుయొక్క వాసనశక్తినే చంపివేయును గనుక, వాసన లేదని దిగినవాడే చచ్చును. ఎంత బలిష్ఠుడైనను ఇచ్చట లాభములేదు. తాడు కట్టిన గ్యాసు మీటరు, గాలి ఊదు బ్లోయరు, దిగుటకు వ్రాతపూర్వకమైన పర్మిట్టు, పైన నిలిచిన తోడు మనిషి, నడుమునకు బెల్టు ఇవి చాలును. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 36వ సెక్షనులోనే ఇవి దాదాపుగా చెప్పబడినవి. మురుగుకాల్వలలో రక్షణపరికరములు లేక మనుష్యులను దింపుటను 2013 నాటి చట్టము నేరముగ చేసినది. నూర్పిడి యంత్రములలో చేతులు పోవుటను చూచి 1983లోనే అపాయకర యంత్రముల చట్టము చేయబడినది. శాసనములకు కొరత లేదు.

కార్మికుని గూర్చి నిజముగా తెలిసికొనవలసిన సంగతులు కొన్ని గలవు, అవి సూదిమొనకు అందనివి. పనిలో చేరిన మొదటి నెలలలో గాయపడు అవకాశము పాతవారికంటె మిక్కిలి హెచ్చని దేశదేశముల పరిశీలనలు ఏకవాక్యముగ చెప్పుచున్నవి. కనుక ఇతడు ఈ యంత్రమునకు కొత్తవాడా, ఇతనికి ఏ భాష వచ్చును, నిన్న ఏ షిఫ్టు చేసెను అను ప్రశ్నలు రక్తపరీక్షకంటె విలువైనవి. పాశమైలారము, పరవాడ కర్మాగారములలో బీహారు, ఒడిశా, జార్ఖండులనుండి వచ్చినవారు పనిచేయుచుండగా, హెచ్చరిక బోర్డులు ఇంగ్లీషు తెలుగులలో మాత్రమే ఉండుట వానిని వ్రాయకపోవుటతో సమానము. పర్మినెంటు ఉద్యోగికి ఏటేట పరీక్షయు, హెల్మెట్టు, బూట్లును దొరకుచుండగా, అతనికంటె అపాయకరమైన శుభ్రత, మరమ్మతు పనులు చేయు కాంట్రాక్టు కార్మికుడు కాంట్రాక్టరు పుస్తకమున అంకెగ మిగులుచున్నాడు.

భోపాలు విషాదము పిమ్మట 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన సెక్షనులు ఈ సమస్యకు నేనెరిగినంతలో ఉత్తమమైన సమాధానమును సూచించినవి. ప్రమాదకర ప్రక్రియలలో పనిచేయు ప్రతి కార్మికుని ఆ పనికి పెట్టకముందును, పెట్టిన తరువాత పండ్రెండు నెలలకు మించని వ్యవధిలోను, ఆ పని మానిన పిమ్మటను పరీక్షింపవలెను. ఆ ఆరోగ్య పత్రములు కార్మికునికి చూపవలెను. కార్మికులును యాజమాన్యమును సమానముగ కూర్చుండు భద్రతా సంఘములు ఏర్పడవలెను. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా స్మృతియు ఈ తత్త్వమును నిలుపుకొని, భద్రతాధికారి ఉండి తీరవలసిన కర్మాగారపు పరిమాణమును వేయిమందినుండి ఐదువందలకు, ప్రమాదకర ప్రక్రియలలో రెండువందలయేబదికి తగ్గించినది. ఇది మేలు. అదే స్మృతి, విద్యుత్తుతో నడచు చోటును ఫ్యాక్టరీ అనుటకు పదిమంది చాలునన్న పాత హద్దును ఇరువదికి పెంచుట మేలు కాదు; చేతులు ఎక్కువగ పోవుచున్నది ఆ చిన్న షెడ్లలోనే.

కావున నా నిర్ణయమిది. చేయవలసిన పనికి సాక్షాత్తుగ సంబంధించిన గుణమును మాత్రమే చేరునప్పుడు పరీక్షింపవలెను. లోపము కనబడినచో ముందుగ తగిన వేరుపనిని వెదకవలెను. చేరిన తరువాతి పరీక్షల ఫలితములను విభాగముల వారీగ కూర్చి భద్రతా సంఘము ముందుంచవలెను. ఏ ఒక్కని ఉద్యోగమును వానిచేత పోరాదు. గార్డు లేని యంత్రమును, పర్మిట్టు లేని తొట్టిని, ఉష్ణోగ్రత కొలువని ట్యాంకును తనిఖీ చేసి సరిదిద్దకమునుపు పనివాని స్వభావమును గూర్చి ఏ విచారణసంఘమును ఒక్క వాక్యమును వ్రాయరాదు. రసాయన కర్మాగారములలోను, గనులలోను పనిచేయు పాఠకులకును, వారి కుటుంబములవారికిని నా మనవి యొక్కటే: మీ వైద్య పరీక్షా పత్రమును చూచుట మీకు చట్టమిచ్చిన హక్కు, ఈ నెలలోనే దానిని వ్రాతమూలకముగ అడుగుడు, మీతో పనిచేయు కాంట్రాక్టు కార్మికునిచేత గూడ అడిగింపుడు.